పడవ దిగేటప్పుడు ఇచ్చేది

సంక్రాంతికి ఊరొచ్చినవాళ్లు పండగ మూడు రోజులూ ఇంట్లో గడిపి, నాలుగో రోజున దివిసీమ దారి పట్టడం మన ప్రాంతంలో అలవాటే. గుడివాడ వాళ్లు పామర్రు, కూచిపూడి, చల్లపల్లి మీదుగా వస్తారు. బందరు వాళ్లకు అది ఇంకా దగ్గర. మోపిదేవిలో సుబ్రహ్మణ్యేశ్వరస్వామి దర్శనం చేసుకుని, అవనిగడ్డ దాటి, నాగాయలంకలో పడవ మాట్లాడుకుని కృష్ణమ్మ మీద కాసేపు తిరుగుతారు. ఓపిక ఉన్నవాళ్లు ఏటిమొగ దాకా వెళ్లి అవతలి ఎదురుమొండి దీవి కూడా చూసొస్తారు. పడవ మాట్లాడుకునేటప్పుడు బేరం గట్టిగానే సాగుతుంది. తిరిగి ఒడ్డుకు చేరాకే ఒక తడబాటు ఎదురవుతుంది. కిరాయి ఇచ్చేశాం. పడవ నడిపినతను ఒక చేత్తో తాడు పట్టుకుని, రెండో చేత్తో పిల్లల్ని ఒక్కొక్కరినే దించుతున్నాడు. ఇతనికి ఇంకేమన్నా ఇవ్వాలా? ఇస్తే ఎంత? ఎవరి చేతికి? ఇస్తే చిన్నబుచ్చుకుంటాడా, ఇవ్వకపోతే నొచ్చుకుంటాడా? జేబు దాకా వెళ్లిన చెయ్యి అక్కడే ఆగిపోతుంది. ఆ ఆగిపోయిన చేతి గురించే ఈ పూట నా ప్రసంగం. చూడ్డానికి చిన్న విషయం. కానీ సాటి మనిషి కష్టానికి మనం ఏ కొలత వాడుతున్నామన్నది అందులోనే తెలిసిపోతుంది.

ఈ ప్రశ్న మన ఒక్కరిదే కాదు. సముద్రం మీద సరదాగా గాలం వేయడానికి పడవను పూటకో, రోజుకో మాట్లాడుకోవడం అమెరికాలో పెద్ద వ్యాపారం. దాన్ని ఛార్టర్ ఫిషింగ్ అంటారు. ఫ్లోరిడాలో డెస్టిన్, టెక్సాస్‌లో గాల్వెస్టన్ లాంటి రేవుల్లో ఆ పడవలు వరసగా కట్టేసి ఉంటాయి. పడవకు ఒక కెప్టెన్, ఆయన కింద ఒకరో ఇద్దరో పనివాళ్లు. ఆ పనివాణ్ణి మేట్ అంటారు. ఎర గుచ్చడం, చిక్కుపడ్డ గాలపు తాడు విడదీయడం, పడ్డ చేపను పైకి లాగడం, ఒడ్డుకొచ్చాక దాన్ని శుభ్రం చేసి ముక్కలు కోసి సంచిలో పెట్టివ్వడం అతని పని. కిరాయిలో నూటికి 15 నుంచి 20 వంతులు టిప్పుగా ఇవ్వడం అక్కడి ఆనవాయితీ. చాలా పడవల్లో మేట్ సంపాదనలో పెద్ద భాగం అదే. పేరుకి అది సంతోషంతో ఇచ్చేది, జరుగుబాటులో చూస్తే జీతం. ఆ దేశపు చట్టంలోనే దీనికి చోటుంది. అక్కడ కేంద్ర చట్టం ప్రకారం కనీస వేతనం గంటకు 7.25 డాలర్లు. టిప్పులొచ్చే పనివాళ్లకు మాత్రం యజమాని తన చేతి నుంచి 2.13 డాలర్లు ఇస్తే చాలు. మిగతాది టిప్పులతో పూడాలి, పూడకపోతేనే యజమాని కలపాలి. ఆ 2.13 అనే అంకె 1991 నుంచి కదల్లేదు. కొన్ని రాష్ట్రాలు మాత్రం ఇంతకంటే మెరుగైన చట్టాలు చేసుకున్నాయి. జపాన్‌లో ఇందుకు పూర్తిగా ఎదురు పద్ధతి. అక్కడ టిప్పు ఇవ్వడం ఆచారంలోనే లేదు. కాబట్టి లోకమంతటికీ ఒకే మర్యాద అంటూ లేదు. ఏ సమాజమైనా తన పనిపాటల లెక్కలోంచే తన మర్యాద తయారు చేసుకుంటుంది. మన మర్యాద కూడా మన లెక్కలోంచే రావాలి.

మరి మన లెక్క ఏమిటి? ముందు మన నోట ఉన్న మాటలు చూద్దాం. బక్షీసు, ఇనాము, మామూలు. ఈ మూడూ పారశీక, అరబ్బీ మూలాలున్న మాటలు. కుతుబ్‌షాహీ సుల్తానుల కాలంలో గోల్కొండకు బందరే పెద్ద సముద్రద్వారం. పారశీక దేశానికి ఇక్కడి నుంచి ఓడలు నడిచేవి. పదిహేడో శతాబ్దం తొలి ఏళ్లలోనే డచ్చివాళ్లు వచ్చారు, 1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఇక్కడ వర్తకస్థానం పెట్టింది. రేవులోనూ కచేరీలోనూ నలిగిన ఆ భాష తెలుగులో కలిసిపోయింది. పడవ పనిలో ఈనాటికీ వినపడే సరంగు, కలాసీ అన్న మాటలు కూడా ఆ మూలాలవే. అయితే బక్షీసు, ఇనాము అన్న మాటల్లో ఒక మెట్టు ఉంది. ఇచ్చేవాడు పై మెట్టు మీద, పుచ్చుకునేవాడు కింది మెట్టు మీద. ప్రభువు మెచ్చి ఇచ్చేది ఇనాము, దొర దయతలచి ఇచ్చేది బక్షీసు. మామూలు సంగతి ఇంకా ఆలోచించదగ్గది. వాడుకలో ఉన్నది, ఎప్పుడూ జరిగేది అని దాని అసలు అర్థం. మనం రోజూ ఆ అర్థంలోనే వాడుతున్నాం. కానీ అదే మాటకు బహువచనం చేర్చి మామూళ్లు అంటే లంచం అయి కూర్చుంది. ఆనవాయితీ అనేది గట్టు తెగితే ఎటు పారుతుందో ఆ ఒక్క మాటే చెబుతోంది. పడవ దిగేటప్పుడు మన చెయ్యి జేబు దగ్గర ఆగిపోవడానికి కారణం పిసినారితనం కాదని నా నమ్మకం. మనకు తెలిసిన మాటల్లో ఒకటి అతన్ని తక్కువ చేస్తుంది, ఇంకొకటి మనల్ని తప్పులోకి లాగుతుంది. సరైన మాట దొరక్కే చెయ్యి ఆగుతోంది.

అచ్చతెలుగులో కొసరు అని ఒక మాట ఉంది. చేపల మార్కెట్లో కవళ్ల కుప్ప బేరం చేసి, సంచి తెరిచి పట్టుకుని, ఇంకో రెండు వెయ్యమ్మా అని అడుగుతామే, అది కొసరు. అమ్మేవాళ్లు కొనేవాళ్లకు ఇచ్చేది. టిప్పు అంటే కొనేవాళ్లు తిరిగి ఇచ్చే కొసరు అనుకోవచ్చు. కానీ కొసరు ఇచ్చేవాళ్ల మనసును బట్టి ఉంటుంది, అడిగేవాళ్ల నోటిని బట్టి ఉంటుంది. నోరున్నవాళ్లకు రెండు చేపలు, నోరులేనివాళ్లకు ఏమీ లేదు. అది కొలత కాదు. కొలత కావాలంటే చేపల పనిలోనే ఉన్న ఇంకో మాట దగ్గరికి వెళ్లాలి. అది పాలు. వాటా అన్నా అదే.

బందరు పక్కన గిలకలదిండి రేవులోకి మర పడవ వచ్చి ఆగినప్పటి సంగతి తీసుకోండి. రోజుల తరబడి సముద్రం మీద ఉన్న పడవ. ఐసు గదిలోంచి సరుకు పైకొస్తుంది. చందువలు ఒక పక్క, వంజరాలు ఒక పక్క, రొయ్యలు సైజును బట్టి వేరే ట్రేల్లో. వేలంపాట అయిపోతుంది. అప్పుడు మొదలవుతుంది అసలు లెక్క. వచ్చిన సొమ్ములోంచి డీజిలు, ఐసు, బియ్యం, సరుకుల ఖర్చు ముందు తీసేస్తారు. మిగిలినదాంట్లో పడవకూ వలకూ ఇంత, మనుషులకు ఇంత అని పంచుతారు. పడవ నడిపే సరంగు పాలు కలాసీ పాలు కంటే కొంచెం ఎక్కువ. ఈ వంతులు పడవను బట్టి, ఊరిని బట్టి, ఒప్పందాన్ని బట్టి మారతాయి. వాటాతోపాటు బత్తా ఇచ్చే పడవలూ ఉన్నాయి. కానీ సూత్రం ఒక్కటే. తాడు లాగిన ప్రతి చేతికీ అందులో పాలు ఉంది. వేట పడితే అందరికీ పడినట్టు, పడకపోతే అందరికీ పడనట్టు. ఆ లెక్కతో పనిలేకుండా ఒక్కొక్కరి చేతిలో ఇంటికి తీసుకెళ్లే కూరచేపలు ఉంటాయి. వాటిని ఎవరూ దానం అనరు, బక్షీసు అనరు. పుచ్చుకునేవాడు తల వంచడు. గుడివాడ వైపు చెరువుల మీద కూడా ఇదే మర్యాద కనిపిస్తుంది. తెల్లవారుజామున చెరువులో దిగి, గొంతు లోతు నీళ్లలో వల లాగి, ఐసు వేసి ట్రేల్లో సర్ది, కలకత్తాకో అస్సాంకో వెళ్లే లారీకి ఎత్తిన మనుషులు కూలితోపాటు కూరకు చేప తీసుకెళ్తారు. కూలి చేసిన పనికి. చేప, ఆ పంటలో తనకూ ఒక పాలు ఉందన్నందుకు. నేను చెప్పదలచుకున్న మాట ఇదే. పడవ దిగేటప్పుడు ఇచ్చేదాన్ని బక్షీసుగా కాకుండా పాలుగా లెక్కగడితే మన తడబాటు పోతుంది, అతని మర్యాద నిలుస్తుంది, ఎంత, ఎప్పుడు, ఎవరికి అన్న ప్రశ్నలకు జవాబులు వాటంతటవే దొరుకుతాయి.

దీనికి ఒక అభ్యంతరం వెంటనే రావచ్చు. పల్లెల్లో పూర్వం కళ్లం దగ్గర చాకలికి, మంగలికి, వడ్రంగికి మేర కొలిచి ఇచ్చేవారు. అది కూడా పాలే కదా, అందులో సమానత్వం ఎక్కడుంది అని అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. మేర హక్కుగా మొదలైనా కులాన్ని బట్టి కట్టేసిన హక్కు అది. ఏడాది పొడవునా ఎంత చేసినా కొలిచేవాడు కొలిచిందే ధాన్యం. పక్కనే వెట్టి కూడా నడిచింది. అందుకే నేను కళ్లం లెక్కను కాకుండా రేవు లెక్కను ఆదర్శం అంటున్నాను. మేర ఎంతో నిర్ణయించేది ఇంటి యజమాని. పడవ పాలు ఎంతో వేటకు వెళ్లకముందే ఒప్పందంలో తేలిపోతుంది, వచ్చాక నలుగురి ముందూ లెక్క తేలుతుంది. ముందే తెలిసి ఉండటం, అందరి ఎదుటా జరగటం, చేసిన పనిని బట్టి ఉండటం, ఈ మూడూ ఉన్నప్పుడే పాలు అనే మాటకు గౌరవం. ఇందులో రేవు కూడా ప్రతిసారీ న్యాయంగానే నడుస్తుందని నేను అనను. అప్పుల్లో ఉన్న కలాసీకి లెక్క అడిగే ధైర్యం తక్కువ. కానీ అడగడానికి అక్కడ ఒక లెక్క అంటూ ఉంది.

ఇప్పుడు సరదాగా తిరగడానికి వెళ్లిన మనకూ ఆ పడవ మనిషికీ మధ్య పంచుకోవడానికి ఏ వేట ఉంది అన్న ప్రశ్న వస్తుంది. జవాబు కావాలంటే అతని పనిని దగ్గర నుంచి చూడాలి. పులిగడ్డ దగ్గర చీలిన కృష్ణ సముద్రం దగ్గరయ్యే కొద్దీ పాయలు పాయలుగా విడిపోతుంది. పోటు వేళ ఉప్పునీరు ఎదురెక్కుతుంది, పాటు వేళ నీరంతా సముద్రంలోకి లాగేస్తుంది. మొన్న లోతున్నచోట ఇవాళ ఇసుక మేట వేసి ఉంటుంది. పైనుంచి చూస్తే అంతా ఒకే నీరు. అడుగున ఏముందో అలల తీరును బట్టి, నీటి రంగును బట్టి అతను చదువుకుంటాడు. మడ చెట్ల పక్కన సన్నటి పాయలో పడవ అడుగు నేలకు రాసుకుందనుకోండి. ఇంజను ఆపేస్తాడు, పంకా పైకెత్తుతాడు, గెడ దించి లోతు చూస్తాడు. గెడతో కదలకపోతే తనే దిగిపోతాడు. మోకాలి లోతు బురద. ఆ బురదలో ఆలుచిప్పల అంచులు కత్తుల్లా ఉంటాయి. భుజం పడవ వెనక భాగానికి ఆనించి, ఊపిరి బిగబట్టి తోస్తాడు. పడవ కదిలాక, కాళ్లకున్న బురద మనకు అంటకుండా పక్కనే కడుక్కుని ఎక్కుతాడు. ఈ సేపంతా మనం పడవలో కూర్చునే ఉన్నాం. కిరాయి మాట్లాడుకున్నప్పుడు గంటల లెక్క మాట్లాడుకున్నాం, డీజిలు లెక్క మాట్లాడుకున్నాం. ఆ నీటిని చదివే చదువుకూ, ఆ భుజానికీ లెక్క కట్టలేదు.

అన్నిటికంటే పెద్ద పని ఇంకొకటి ఉంది. గాలి మారిందనో, మబ్బు పట్టిందనో గమనించి, ఇక వెనక్కి తిప్పేద్దామండీ అని చెప్పడం. ఈ తీరంలో ఆ మాటకు ఎంత విలువో వేరే చెప్పక్కర్లేదు. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెన బందరులో దాదాపు 30,000 మందిని పొట్టన పెట్టుకుంది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో ప్రభుత్వ లెక్కల్లోనే మృతులు దాదాపు 10,000. ఆ తరం చూసిన భయమే ఈ తరం పడవ మనిషికి జాగ్రత్తగా దిగింది. ఛార్టర్ పడవల దేశంలో కూడా తెలిసినవాళ్లు చెప్పే మర్యాద ఒకటుంది. టిప్పు పడ్డ చేపల లెక్కన ఇవ్వకూడదు, పడ్డ కష్టం లెక్కన ఇవ్వాలి. ఎందుకంటే చేప పడటం, పడకపోవడం ఆ మనిషి చేతిలో లేదు. నేనింకో అడుగు ముందుకు వేస్తాను. గాలి మారిందని అతను సగం దారిలో తిప్పేసిన రోజున ఇచ్చేది తగ్గించకూడదు. తగ్గిస్తే మనం అతనికి ఏమి నేర్పుతున్నట్టు? గాలి ఎలా ఉన్నా ముందుకు పోతేనే డబ్బు అని నేర్పుతున్నట్టు. మత్స్యకారుడికి వేట అంటే చేప. పడవ ఎక్కిన మనకు వేట అంటే ఎక్కినవాళ్లందరూ దిగడం. ఆ లాభం మనకు నిండుగా దక్కింది. అందులో అతనికి ఒక పాలు ఉంది.

ఇక మామూలుగా వినపడే అభ్యంతరాలకు వద్దాం. మొదటిది: అడిగినంత కిరాయి ఇచ్చాం, మళ్లీ ఎందుకు? ఇది అన్యాయమైన ప్రశ్న కాదు. నిజమే, కిరాయి ఇచ్చాక అప్పు తీరింది. కానీ ఆ కిరాయి ఎవరికి చేరుతోంది? చాలాసార్లు పడవ ఒకరిది, నడిపేది ఇంకొకరు. ఉదాహరణకు 3,000 రూపాయలకు పడవ మాట్లాడుకున్నాం అనుకుందాం. అందులోంచి ఇంధనం పోవాలి, ఇంజను మరమ్మతుకు కొంత తీయాలి, పడవ సొంతదారుకు వాటా పోవాలి. ఆఖర్న గెడ పట్టిన చేతికి చేరేది చిన్న మొత్తం. మనం బేరమాడి 500 తగ్గించామంటే ఇంధనం ఖర్చు తగ్గదు, మరమ్మతు తగ్గదు. తగ్గేది చాలావరకు ఆ ఆఖరి మొత్తమే. అందుకే టిప్పు మర్యాద పడవ దిగేటప్పుడు కాదు, బేరం దగ్గరే మొదలవుతుంది. ఎక్కేముందు గీచి గీచి బేరమాడి, దిగేటప్పుడు వంద నోటు చాపడం ఉదారత కాదు, అతనిది తీసుకుని అతనికే ఇవ్వడం. ముందు న్యాయమైన కిరాయి. ఆ తర్వాతే పాలు.

రెండో అభ్యంతరం ఇంకా బలమైంది. పనివాడికి సరైన కూలి ఇవ్వాల్సింది యజమాని. మనం టిప్పులు ఇచ్చుకుంటూ పోతే యజమాని కూలి పెంచడం మానేస్తాడు, చివరికి అమెరికాలో 2.13 డాలర్ల దగ్గర ఆగిపోయినట్టు ఇక్కడా ఆగిపోతుంది. ఈ భయం నిజమైనదే, దాన్ని కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు. దీనికి జవాబు టిప్పు మానేయడంలో లేదు, టిప్పును జీతం లెక్కలోకి రానివ్వకపోవడంలో ఉంది. మన దేశంలో చట్టం ఇప్పటికే ఈ గీత గీసింది. హోటల్ ఉద్యోగుల టిప్పుల వ్యవహారంలో 2016లో సుప్రీంకోర్టు, టిప్పు యజమాని ఇచ్చే జీతం కిందికి రాదని, వచ్చినవాళ్లు సంతోషంతో ఇచ్చేదని తేల్చింది. ఆ కేసు ఆదాయపు పన్ను గురించే అయినా అందులోని విచక్షణ మనకు పనికొస్తుంది. హోటళ్లు బిల్లులో సర్వీసు ఛార్జీ తమంతట తాము కలపకూడదని 2022లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాలు ఇస్తే, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో వాటిని సమర్థించింది. బలవంతంగా వసూలు చేసేది సంతోషం కాదని దాని సారం. ఇంకో వైపు బ్రిటన్‌లో 2024 అక్టోబరు 1 నుంచి ఒక చట్టం అమల్లో ఉంది. వచ్చిన టిప్పులో యజమాని పైసా మినహాయించుకోకుండా పనివాళ్లకు చేర్చాలి. ఈ మూడూ కలిపి చూస్తే మనకు కావలసిన నీతి దొరుకుతుంది. కూలి యజమాని బాధ్యత, అది టిప్పుతో పూడ్చేది కాదు. టిప్పు ఇచ్చేవాళ్ల ఇష్టం, అది బిల్లులో కలిపేది కాదు. ఇచ్చినది పనిచేసిన చేతిది, అది మధ్యలో ఆగేది కాదు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర పడవలు కదలని వేట నిషేధ కాలంలో మత్స్యకారుల ఇళ్లు గడవాల్సింది ప్రభుత్వం ఇచ్చే భృతితో, కొంత నిల్వతో. ఆ బరువును మన వంద నోటు మోస్తుందని అనుకోవడం ఆత్మవంచన. టిప్పు గొప్పదనం అది తీర్చే అవసరంలో లేదు, అది చెప్పే మాటలో ఉంది.

మూడోది లంచం భయం. ఇక్కడ నేను కచ్చితంగా ఉండదలచుకున్నాను. ఎక్కేముందు ఇచ్చేదానికీ దిగాక ఇచ్చేదానికీ పేరు ఒకటే అయినా జాతి వేరు. ఇంకో నలుగురిని ఎక్కించుకో, ఏదో ఒకటి ఇస్తాం. లైఫ్ జాకెట్లు అక్కర్లేదులే, ఉక్క పోస్తోంది. అటవీశాఖ వాళ్లు వద్దన్న పాయలోకి ఒక్కసారి తీసుకెళ్లు. సముద్రపు మొగ దాకా పోనివ్వు. ఈ మాటల వెంట వచ్చే నోటు టిప్పు కాదు, ప్రాణాలకు కట్టిన వెల. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమంలో పడవ తిరగబడి ఇరవైమందికి పైగా పోయారు. అనుమతి లేని పడవ, పరిమితికి మించిన జనం. మన కృష్ణ మీదే జరిగిన దుఃఖం అది. దిగువన ఏటి మొగల్లోని మడ అడవి కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం. బావురుపిల్లి బతికే చోటు. చేపపిల్లలు, పీతపిల్లలు పెరిగే చోటు. అక్కడికి అనుమతి లేకుండా తీసుకెళ్లమని ఒత్తిడి చేస్తే, రేపటి వేటను ఇవాళ మనం కొనేస్తున్నట్టు. అలాగే చేపల వేట బోటు వేటకే గాని జనాన్ని తిప్పడానికి కాదు. సముద్రంలోకి తీసుకెళ్లమని డబ్బు ఆశ చూపి ఒక మత్స్యకారుణ్ణి ఇరకాటంలో పెట్టకూడదు. వద్దండీ అని చెప్పగలిగే స్వేచ్ఛ అతనికి ఉండాలి. ఆ స్వేచ్ఛను కొనేసే డబ్బు ఎంత పెద్దదైనా మర్యాద అనిపించుకోదు.

నాలుగో అభ్యంతరం సున్నితమైనది. పల్లెవాళ్లు అభిమానధనులు, డబ్బు చాపితే అవమానం అనుకుంటారేమో. అనుకునేవాళ్లు ఉంటారు, వాళ్ల మాటను గౌరవించాలి. కానీ అవమానం డబ్బులో ఉండదు, ఇచ్చే తీరులో ఉంటుంది. పడవ దిగి నాలుగడుగులు నడిచాక వెనక్కి తిరిగి, ఇదిగో ఉంచుకో అని విసిరినట్టు ఇస్తే అవమానం. నలుగురికీ కనపడేలా ఫొటో తీయిస్తూ ఇస్తే అవమానం. మందు తాగమని ఇస్తే అవమానమే కాదు, హాని కూడా. అతని పేరు అడిగి తెలుసుకుని, వయసును బట్టి బాబాయ్ అనో అన్నా అనో తమ్ముడూ అనో పిలిచి, ఒడ్డున ఎదురుగా నిలబడి, మమ్మల్ని జాగ్రత్తగా తీసుకొచ్చారు, ఇది మీ పాలు అని చేతిలో పెడితే ఆ నోటు మోసేది గౌరవాన్నే. నువ్వు అనే పిలుపును మీరుగా మార్చడం ఖర్చు లేని పని. దాన్ని మొదట చేయాలి.

ఇక ఆచరణ సంగతి. ఇది శాసనం కాదు, నా ఆలోచన. కిరాయిలో పదో వంతు అనే లెక్క గుర్తుంచుకోవడానికి తేలిక, ఇవ్వడానికి భారం కాదు. బురదలో దిగి తోసినా, వృద్ధుల్ని ఎత్తి దించినా, ఎండలో అదనంగా ఆగినా ఇంకొంచెం చేర్చండి. ఇద్దరు మనుషులుంటే ఇద్దరి ఎదుటా ఇవ్వండి, ఇద్దరి పేరా ఇవ్వండి. తాడు పట్టే కుర్రవాణ్ణి మరచిపోవద్దు. పడవ మీద అంటించి ఉన్న ఫోన్‌పే కాగితం యజమాని ఖాతాది కావచ్చు. కాబట్టి పాలు నగదుగా ఇవ్వడం మేలు, లేదా అతని సొంత నంబరు అడగాలి. అనుమతి ఉన్నచోట గాలం వేసి చేపలు పట్టినప్పుడు, అందులో మంచి చేప ఒకటి ముందు అతని ఇంటికి తీసిపెట్టండి. పండుగప్ప పడితే చిన్న చేపలు అతనికి వదిలి పండుగప్పను మనం పట్టుకుపోవడం పాలు అనిపించుకోదు. ఎదురుమొండి పంటు మీద రోజూ దాటే రైతు, చదువుకునే పిల్ల ఈ లెక్కలోకి రారు. అది వాళ్ల దారి, టికెట్టుతో సరి. ఇవ్వలేని మనిషి ఇవ్వకపోతే తప్పు లేదు. దణ్ణం పెట్టి వెళ్లొస్తామండీ అని చెబితే చాలు. ఇవ్వగలిగినవాళ్లు ఎగ్గొట్టకపోతే, ఇవ్వలేనివాళ్ల మీద ఒత్తిడి దానంతటదే తగ్గుతుంది.

ఈ ఆకాశవాణిలోనే ఏళ్ల తరబడి వాతావరణ సూచన చివర ఒక మాట వింటున్నాం, మత్స్యకారులు వేటకు వెళ్లవద్దని. ఒడ్డునున్న మనకు అది దాటిపోయే వాక్యం. రేవులో ఉన్నవాళ్లకు ఆ రోజు కూలి లేదని అర్థం, అయినా ప్రాణం ముఖ్యమని అర్థం. ఆ హెచ్చరిక విని పడవ కట్టేసుకునే మనిషే ఇంకో రోజున మన పిల్లల్ని ఎక్కించుకుని వెళ్తాడు. పాటు నీరు లాగుతుంటే తాడు బిగించి పట్టుకుని, జాగ్రత్త, ముందు కాలు ఇక్కడ పెట్టు అంటూ ఒక్కొక్కరినే దించుతాడు. ఆఖరి మనిషి దిగేదాకా ఆ చెయ్యి తాడు వదలదు. జేబు దగ్గర మన చెయ్యి ఆగిపోయినప్పుడు, ఆ తాడు పట్టుకున్న చేతిని ఒక్కసారి చూడండి. ఎంత ఇవ్వాలో, ఏమని పిలవాలో అప్పుడు ఎవరినీ అడగక్కర్లేదు.